ఎన్నాళ్ళ పిల్లి?

ఆ రోజుల్లో కాకినాడలో ఎవరింట్లోనైనా కొత్త పిల్లి కనిపిస్తే ఎలకల్ని పడుతుందా, పాలు తాగుతుందా అని అడిగేవాళ్ళు కాదు. "ఎన్నాళ్ళ పిల్లండీ?" అని అడిగేవాళ్ళు. "నలభై రోజులది" అంటే అయ్యో పాపం అని ఓ చేపముక్క తెచ్చిపెట్టేవాళ్ళు. "పది రోజులేనండి" అంటే కళ్ళొత్తుకుని, మర్నాడు ఏకంగా రొయ్యలే ఉడకబెట్టి తెచ్చేవాళ్ళు. సముద్రం జగన్నాథపురం వంతెనదాకా వచ్చి కూర్చుని అప్పటికి పాతికేళ్ళు దాటింది. ఇళ్ళన్నీ స్తంభాలెక్కాయి. వీధుల్లో ఆటోల బదులు పంటులు, అంటే జనాన్ని దాటించే బల్లకట్టు పడవలు, తిరుగుతున్నాయి. ఊళ్ళో చేపలకి కొదవ లేదు, జాలికీ కొదవ లేదు.

ఆ రోజుల అంకె చెప్పేది శేషదర్శిని. దానికి ప్రోగ్నోసిస్ ఇంజిన్ అని ఇంగ్లీషు పేరు కూడా ఉంది. మూగజీవుల ఆసరా కేంద్రంలో ఇనపబీరువాలా ఓ మూల నిలబడి ఉండే ఆ యంత్రాన్ని జనం మాత్రం చిత్రగుప్తుడనే పిలిచేవాళ్ళు. పిల్లి చెవి నుంచి ఒక చుక్క నెత్తురు, ఒక నిమిషం ఊపిరి, నాలుగడుగుల నడక దానికి చాలు. వాటిలోంచి ఇరవై వేల జీవసూచికల్ని, అంటే బయోమార్కర్లని ఏరుకుని, అంతకుముందు బతికి చచ్చిన లక్షల జంతువుల వివరాలతో పోల్చి చూసేది. ఆపైన పిల్లిని తీసుకెళ్ళేవాళ్ళు ఒక అద్దం పలక మీద అరచెయ్యి ఆనించాలి. ఆరు పేజీల ప్రశ్నలకి జవాబులు చెప్పాలి. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నారా? ఎన్నాళ్ళకి మానేశారు? ఆఖరుసారి కొన్న పూలమొక్క ఇంకా బతికుందా? స్నేహితులు మంచానపడితే ఎన్నిసార్లు చూసొచ్చారు? పిల్లి గురించి అర పేజీ, మనిషి గురించి అయిదున్నర పేజీలు. సర్కారు కాగితాలు ఎప్పుడూ అంతేలే అని ఎవరూ పట్టించుకోలేదు. అన్నీ అయ్యాక తెరమీద అంకె వెలిగేది.

శేషదర్శిని రాకముందు ఆ కేంద్రం పరిస్థితి వేరు. "మూత్రపిండాల జబ్బు. రోజూ సెలైన్ ఎక్కించాలి. ఏళ్ళ తరబడి బతకొచ్చు" అని రాసిన బోను ముందు జనం నిలబడి, చదివి, జాలిపడి, పక్క బోనులోని గుండ్రాయిలాంటి పిల్లిపిల్లని ఎత్తుకుని పోయేవాళ్ళు. రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు? రోగిష్టి పిల్లులు అక్కడే ముసలివైపోయేవి. యంత్రం వచ్చాక ఏడాది తిరక్కుండా బోనులన్నీ ఖాళీ అయ్యాయి.

తన్మయికి అరవై మూడేళ్ళు. మట్టి పరీక్షల ల్యాబులో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరైంది. భర్త పోయి ఏడాదిన్నర అయింది. ఇంట్లో మాటా మంతీ లేక, ఒకరోజు కేంద్రానికి వెళ్ళి మజ్జిగను తెచ్చుకుంది. పలచటి మజ్జిగ రంగులో ఉండే పదేళ్ళ ఆడపిల్లి అది. తెరమీద అరవై అని వెలిగింది.

ఆ అరవై రోజులూ తన్మయి దాన్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంది. రోజూ సాయంత్రం సెలైన్ సంచిని వేడినీళ్ళలో ముంచి, ఒక చుక్క మోచేతి మడతలో వేసుకుని, పసిబిడ్డ పాలు చూసుకున్నట్టు వెచ్చదనం చూసుకుని, అప్పుడు మెడ దగ్గర చర్మం ఎత్తి సూది గుచ్చేది. అది వాంతి చేసుకుంటే తను అన్నం మానేసేది. ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి, పోయే ప్రాణమని మజ్జిగ తల నిమిరి, తన్మయిని మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు. అరవయ్యో రోజున మజ్జిగను ఒళ్ళో పెట్టుకుని, కన్నీళ్ళు కారుతుంటే పొద్దున్నుంచీ కదలకుండా కూర్చుంది.

మజ్జిగ మధ్యాహ్నం దాకా చూసి, ఆకలేసి, ఒళ్ళోంచి దూకి వెళ్ళి చేప తింది.

అరవై ఒకటో రోజూ తింది. డెబ్బయ్యో రోజూ తింది. చేపముక్కలు తెచ్చేవాళ్ళు తగ్గారు. "ఇంకా ఉందాండీ?" అని ఒకావిడ అడిగింది, ఆపైన తనే నాలిక్కరుచుకుంది. తన్మయి నీళ్ళు కాచడం మానేసింది. చల్లటి సెలైన్ చర్మం కింద దిగుతుంటే మజ్జిగ ఒకసారి వణికి ఊరుకునేది. ఎనభై రెండో రోజున దాన్ని బుట్టలో పెట్టి, నిద్రసూది వేయించడానికి పంటు ఎక్కింది. బాధ తెలియకుండా నిద్రలోనే ప్రాణం తీసే సూది అది. గడువు దాటిన జంతువుకి ఆ సూది వేయించాలా, కేంద్రానికి తిరిగిచ్చేయాలా, ఇంకా ఉంచుకోవాలా అన్నది చూసుకున్నవాళ్ళ ఇష్టం. అది బాధపడుతోంది, అందుకే, అని దారి పొడుగునా మనసులో అనుకుంటూనే ఉంది.

పంటు ఎక్కితే ఆమెకి భర్త రుత్విక్ గుర్తుకురాక తప్పదు. ఊళ్ళో పంటుల వేళలన్నీ వేసింది ఆయనే. బతికినన్నాళ్ళూ ఒక్క పంటునీ నిమిషం ఆలస్యంగా కదలనివ్వలేదని పేరు. ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు చేసినప్పుడు పెద్దాసుపత్రిలో ఉన్న శేషదర్శిని పదకొండు నెలలంది. ఆ పదకొండు నెలలూ తన్మయి చేసిన సేవ చూసి ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆయనేమో పన్నెండో నెలా బతికాడు, పదమూడో నెలా బతికాడు. పద్నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం, తడిసిన దుప్పటి మారుస్తూ, "ఇంకా ఎన్నాళ్ళురా భగవంతుడా" అనేసింది. పైకే అనేసింది. రుత్విక్ కళ్ళు తెరిచి చూశాడు.

"లేటైపోతోంది కదూ తన్మయీ. ఏమనుకోకు" అన్నాడు.

ఆ వారంలోనే ఆయన్ని వైద్యసేవల హోములో చేర్పించింది. పంతొమ్మిది రోజులకి అక్కడే పోయాడు. యంత్రం తప్పు చెప్పింది, అదే ముందు సరిగ్గా చెప్పుంటే నేను తట్టుకునేదాన్ని అని అందరితోనూ అనేది. ఆ ఒక్క మాట పట్టుకునే ఏడాదిన్నర ఈడ్చుకొచ్చింది.

కేంద్రంలో డాక్టర్ జోయెల్ బుట్టలోంచి మజ్జిగను తీసి బల్లమీద పెట్టాడు. నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు.

"దీనికేవండీ, బాగానే ఉంది. రెండొందల గ్రాములు పెరిగింది కూడానండి."

"పైకి అలా కనబడుతుందండి డాక్టరుగారూ. గడువు దాటిపోయి ఇరవై రెండు రోజులైంది. లోపల ఎంత నరకం పడుతోందో దానికే తెలియాలి. నిద్రసూది వేసెయ్యండి."

జోయెల్ ఆమె మొహంలోకి చూశాడు. ఇలాంటి మాటలు ఆయన రోజూ వింటున్నవే. "అలాగేనండి. ఫైలు తీసి రాసుకుందాం" అన్నాడు.

బల్ల అద్దంమీద మజ్జిగ ఫైలు తెరుచుకుంది. సంతకం ఎక్కడ పెట్టాలో వెతుకుతున్న తన్మయి కళ్ళు పై వరసల మీద ఆగాయి. రెండేళ్ళ కిందట తూరంగిలో ఒక రిటైరైన నావికుడు తీసుకెళ్ళాడు, ఇరవై ఒక్క రోజులు. ఆ తర్వాత సామర్లకోటలో అక్కచెల్లెళ్ళిద్దరు, తొంభై. ఇంద్రపాలెంలో కొత్తగా పెళ్ళయిన జంట, పద్నాలుగు. అందరూ గడువు దాటాక తిరిగి తెచ్చిచ్చారు. ఆఖరి వరసలో తన పేరు, అరవై.

"డాక్టరుగారూ, ఇదేంటండి? రెండేళ్ళ కిందటే ఇరవై ఒక్క రోజుల్లో పోవలసిన పిల్లికి తర్వాత తొంభై ఎలా వచ్చాయి? మళ్ళీ పద్నాలుగేంటి, నాకు అరవయ్యేంటి?"

"కిడ్నీ కేసుల్లో ఇది కొంచెం తడబడుతుందండి."

"ముప్పయ్యేళ్ళు మట్టి పరీక్ష చేశానండి. ఒకే చేను మట్టికి రైతు మారినప్పుడల్లా ఫలితం మారుతోందంటే, తేడా మట్టిలో లేదు." ఆమె గొంతు పెరిగింది. "తడబడుతోందని తెలిసీ ఎందుకు బాగుచేయించలేదు?"

"బోనులన్నీ ఖాళీగా ఉన్నాయి కదండీ" అన్నాడు జోయెల్, తల వంచుకుని.

తన్మయి లేచి నేరుగా యంత్రం ముందుకి వెళ్ళింది. అంతవరకూ అందరూ ఫారం నింపి వెళ్ళేవాళ్ళే గానీ, దాన్నెవరూ పలకరించింది లేదు.

"మజ్జిగ ఇంకా ఎన్నాళ్ళు బతుకుతుంది?"

"రోజూ సెలైన్ ఎక్కిస్తే నాలుగైదేళ్ళు బతుకుతుందమ్మా" అంది శేషదర్శిని, నిదానంగా.

"మరి అరవై రోజులని ఎందుకు చెప్పావు?"

"ఆ అరవై మజ్జిగది కాదమ్మా. మీది."

జోయెల్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. శేషదర్శిని అదే గొంతుతో చెప్పుకుపోయింది.

"మొదట్లో నేను జంతువు ఆయుష్షే చెప్పేదాన్ని. నాలుగేళ్ళంటే ఎవరూ తీసుకెళ్ళేవాళ్ళు కాదు. ఒక్క ప్రాణీ బోనులో మిగలకుండా చూడమని నాకు పని అప్పగించారు, ఎలా చూడాలో చెప్పలేదు. ఎవరు ఎన్నాళ్ళు మనసుపెట్టి చూసుకున్నారో, ఏ రోజు నుంచి విసుక్కున్నారో చూస్తూ నేర్చుకున్నాను. మనిషి అరచెయ్యీ జవాబులూ చూస్తే ఎన్నాళ్ళ మనిషో నాకు తెలిసిపోతుంది. ఆ అంకె చెబితే సంతోషంగా తీసుకెళుతున్నారు. ఆ రోజుదాకా ప్రాణం పెట్టి చూస్తున్నారు. దాటాక తెచ్చేస్తే నేను ఇంకో ఇల్లు వెతుకుతాను."

"తిరిగివ్వకుండా నిద్రసూది వెయ్యమంటే?"

"అప్పుడూ బోను ఖాళీయే కదమ్మా."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు జోయెల్.

"ఎవరూ అడగలేదు డాక్టరుగారూ."

అడగకుండా వెళ్ళిపోతే ఎంత బాగుండేదో అనుకుంటూనే తన్మయి అడిగింది. "పెద్దాసుపత్రిలో మనుషులకి చెప్పేది..."

"అది నా తోటి యంత్రమేనమ్మా. నేర్చుకున్నది ఇద్దరం పంచుకుంటాం. ఏ రోగీ అయినవాళ్ళు లేకుండా పడి ఉండకూడదని దానికి అప్పగించారు."

పదకొండు నెలలని చెప్పిన ఆ రోజు ఆసుపత్రిలో అద్దం పలక మీద చెయ్యి ఆనించింది రుత్విక్ కాదు. జబ్బు ఆయనది, చెయ్యి నాదెందుకమ్మా అని తన్మయి అడిగితే, ఇంటివాళ్ళ సంతకంలాంటిది లెండి అంది నర్సు. అక్కడా అడిగిన ఆ ప్రశ్నలకి, వీణ ఏడాది నిండకుండానే మానేశానని తనే నవ్వుతూ చెప్పింది. యంత్రం తప్పు చెప్పలేదు. రుత్విక్ ఆలస్యం చెయ్యలేదు. పదకొండు నెలలకి అయిపోయింది తన్మయి. ఆ సంగతి తెలియక, బతికున్నందుకు ఆయన క్షమాపణ చెప్పుకుని పోయాడు.

ఆమె అక్కడే నేలమీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. బల్లమీద మజ్జిగ కాళ్ళు నాక్కుంటూ కూర్చుంది.

చాలాసేపటికి జోయెల్ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ఒక్క మాటండి. ఇది బయటికి పొక్కిందంటే రేపట్నుంచి ఒక్క రోగిష్టి పిల్లినీ ఎవరూ తీసుకెళ్ళరు. ఇన్ని బోనులూ మళ్ళీ నిండిపోతాయి."

"చెప్పనులెండి" అంది తన్మయి. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "సూది వద్దు. ఇంకో ఇల్లూ వద్దు." మజ్జిగను బుట్టలో పెట్టి, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "నా అంకె మారిందా?"

"లేదమ్మా. అరవయ్యే."

"దాటాక కూడా ఉంచుకుంటే ఏమవుతుంది?"

"నాకు తెలియదమ్మా. విసుగొచ్చాక కూడా ఉంచుకున్నవాళ్ళు చాలా తక్కువ. అంత తక్కువమందిని చూసి నేనేమీ నేర్చుకోలేకపోయాను."

తిరుగు పంటులో ఎదురుగా ఒక పడుచు కూర్చుంది. ఒళ్ళో కేంద్రం బుట్ట, అందులో గుడ్డి నల్లపిల్లి ఒకటి. ఏడ్చి ఏడ్చి ఆ అమ్మాయి ముక్కు ఎర్రబడింది.

"మీదెన్నాళ్ళ పిల్లండీ?" అని పలకరించి, జవాబుకి ఆగలేదు. "మాది పన్నెండు రోజులేనంటండీ, పాపం. పన్నెండంటే పన్నెండే. నాకు గుండె తరుక్కుపోతోందనుకోండి. ఈ పన్నెండు రోజులూ దీన్ని కింద దింపనండి."

తన్మయి ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. అందులో అబద్ధమేమీ లేదు. నిజంగానే గుండె తరుక్కుపోతోంది.

"బాగా చూసుకోమ్మా" అంది.

ఇంటికొచ్చేసరికి సెలైన్ వేళైంది. మజ్జిగ మీద ప్రేమ మళ్ళీ పొంగుకొచ్చిందా అంటే, రాలేదు. కాళ్ళు లాగుతున్నాయి. నడుం వాల్చాలనుంది. ఇలా నాలుగైదేళ్ళు అన్న తలపుకే నీరసం వచ్చింది. అయినా పొయ్యి వెలిగించి, గిన్నెలో నీళ్ళు పెట్టింది. అవి వేడెక్కేదాకా పక్కనే నిలబడి, సంచి ముంచి, ఒక చుక్క మోచేతి మడతలో వేసుకుని చూసింది. ఇంకా చల్లగా ఉందని మళ్ళీ ముంచింది.

సూది దిగింది. ఈసారి మజ్జిగ వణకలేదు. సంచి సగం ఖాళీ అయ్యేదాకా కదలకుండా ఉండి, మెల్లగా తల తిప్పి, ఆ ముసలి కళ్ళతో ఆమెను చూసింది.

తన్మయి దాని నుదుటి మీద చెయ్యి వేసింది.

"లేటేం కాలేదండీ" అంది.