మూడుసార్లు మోగే హారన్

పంకజాక్షికి అన్నింటికంటే పెద్ద భయం ఒకటే. యూనియన్ సెక్రటరీ అయిన మొగుడు పెట్టే సంతకం ఏదో ఒకరోజు నాయన చేతిని స్టీరింగు మీదినుంచి దించేస్తుందని.

ఆ ఉదయం చంటిపాపకు పాలిస్తూ వీధివైపే చెవి పెట్టుకుని ఉంది. నాయన ఓబయ్య ముప్పై ఏళ్లుగా ఐరాల ఊరికి పొద్దున పోయే మొదటి బస్సు డ్రైవరు. చిత్తూరులో కూతురి వీధి మలుపు దగ్గర రబ్బరు హారన్ మూడుసార్లు నొక్కనిదే ముందుకు పోడు. ఆరు కొట్టింది. బస్సు వచ్చింది. హారన్ ఒక్కసారే మోగి దూరమైపోయింది.

కండక్టరు చొక్కా తొడుక్కున్న ధనంజయ సద్దన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"ఏమయ్యా, బండి తోలింది ఎవురు?"

"మునిరామయ్య."

"నాయనకు జరమా?"

అతను కంచంలోకే చూశాడు. "గవర్నమెంటు బస్సులొచ్చినాక మనకు మిగిలింది ఆరు బండ్లే మేయ్. అందరి జీతంలో పావు వంతు తగ్గించుకోవాల, ఇద్దరు డ్రైవర్లు దిగిపోవాల, లేకుంటే కంపెనీ మూసేస్తానన్నాడు ఓనరు. ఆ ఇద్దరెవురో యూనియనే రాసియ్యాలంట. నిన్న సంతకం పెట్టినా."

"ఆ ఇద్దరిలో నాయన ఉండాడా?"

"మొదటి పేరు మీ నాయనదే."

పంకజాక్షి పాపను చాపమీద పడుకోబెట్టింది.

"సమ్మెలో పదైదు దినాలు మనకు సంగటి పెట్టింది ఆ మనిషే. ఇంకెవురూ దొరకలేదా నీకు? మీటింగుల్లో అంత మాట్లాడతావే, ఇప్పుడు చెప్పు."

ధనంజయ కంచం పక్కకు జరిపాడు.

"వాణ్ణెందుకు అంటావమ్మా?" గడప దగ్గర ఓబయ్య. ఖాకీ బట్టల్లో కాదు, పంచెలో. ఆ వేళప్పుడు నాయనను పంచెలో చూడటం ఆమెకు అదే మొదలు. "వాడు రాయనన్నాడు. పెన్ను గుంజుకుని నా పేరు నేనే రాసినా. నీకు చెప్పొద్దని ఒట్టు కూడా ఏయించుకున్యా."

"ఎందుకు నాయనా?"

"మామను దాచుకున్నాడంటే, జీతం తగ్గించుకోండని వాడు చెప్తే ఇంగెవురింటారు? ఆరు బండ్లూ ఆగిపోతాయి."

నవ్వబోయాడు. పెదవి నిలవలేదు. పాపను ఎత్తుకుని, చేతికి అలవాటైన పనిలాగా దాని పొట్టను మెల్లగా మూడుసార్లు నొక్కాడు. పాప కిలకిలా నవ్వింది. పెద్దవాళ్లు ముగ్గురూ తలలు తిప్పుకున్నారు.

పంకజాక్షి కొంగుతో మొహం తుడుచుకుని కంచంలో మజ్జిగ పోసింది. ముద్ద కలిపి మొగుడి చేతిలో పెట్టింది. "తిను. డూటీకి పొద్దు పోతాది."

ఓబయ్య ఇప్పటికీ తెల్లారక ముందే బస్టాండుకు పోతాడు. ఎవరూ అడగకపోయినా ఐరాల బస్సు అద్దం తుడుస్తాడు. చంటిబిడ్డను వదిలి కూతురు అంత పొద్దున టీ తీసుకుని రాలేకపోతోంది. మీలో ఎవరైనా ఆ బస్సు ఎక్కితే, టీ తాగినావా ఓబయ్యా అని ఒక్క మాట అడగండి. తాగినాననే అంటాడు. అయినా ఒక గ్లాసు చేతికివ్వండి.