తెగిన ముక్క ఏది?

ఉదయం తొమ్మిదింబావుకి ఓ పెయింటర్ ఏడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. నడుముకి సేఫ్టీ బెల్టు ఉంది. దాని పట్టీ మధ్యలో తెగింది.

పదకొండింటికల్లా ఇన్‌స్పెక్టర్ ఆ పట్టీ నేసిన ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉన్నాడు. ఒళ్లు మండిపోతోంది. చనిపోయినవాడి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వింటుండగానే మేనేజర్ నోటికొచ్చింది వాగుతున్నాడు.

"తాగి ఉంటాడు సార్. కత్తి తగిలి తెగుంటుంది."

"మా తమ్ముడు చుక్క ముట్టడు! చచ్చినవాడి మీద నిందలెయ్యకండి," అంది అక్క.

ఇన్‌స్పెక్టర్ పట్టీని బల్ల మీదికి విసిరాడు. "కత్తి తగిలితే అంచు నున్నగా ఉంటుంది. ఇది చీపురులా విచ్చుకుంది. బరువుకే తెగింది."

"రెండు టన్నులు ఆపుతుంది సార్! కంప్యూటరే చెప్పింది."

"ఎప్పుడు?"

కంప్యూటర్ ముందున్న డిజైనర్ లేచింది. "నెయ్యకముందు సార్. నూలు రకం, దారాల లెక్క, నేత ఇస్తే బలం ఎంతో అంచనా చెబుతుంది. నేను లెక్కకిచ్చింది గట్టి నూలు."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! నేశాక ఎవరు చూశారు?"

"మేమే సార్," అన్నాడు మేనేజర్. "ప్రతి రోల్‌లో ముక్క కోసి, ఈ మిషన్‌లో తెగేదాకా లాగుతాం."

"తెగిన ముక్కలేవి?"

"పారేశాం."

ఇన్‌స్పెక్టర్ మిషన్ దగ్గరికెళ్లాడు. పట్టీని బిగించే ఇనుప దవడల మీద గోరు పెట్టి గీకాడు. కొత్తలో అంటించిన ప్లాస్టిక్ పొర ఊడి వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ దాన్ని మేనేజర్ మొహం ముందు ఆడించాడు.

"ఈ పొర ఇంకా ఉందంటే, ఈ దవడలు ఇంతవరకు ఏ పట్టీనీ కరవలేదన్నమాట. కంప్యూటర్ అంచనానే టెస్ట్ అని చెప్పి అమ్మేశావు. నూలు మార్చావా?"

డిజైనరే చెప్పింది: "గట్టి నూలు రాలేదు సార్. నాసిరకంతో నేయించారని ఇవాళే తెలిసింది. ముందే తెలిస్తే మళ్లీ లెక్క కట్టేదాన్ని."

ఇన్‌స్పెక్టర్ తెగిన పట్టీ తీసిన రోల్ నుంచే ముక్క కోయించి, మిషన్‌లో బిగింపజేశాడు. అర టన్నయినా దాటకుండానే పట్టీ ఫట్‌మని తెగింది.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయితే మావాడి తప్పేం లేదుగా, బాబూ?"

"లేదమ్మా. ఇసుమంత కూడా లేదు."

మేనేజర్ చేతులు జోడించాడు. "తొందరలో టెస్ట్ ఒక్కటి చెయ్యలేకపోయాం సార్..."

ఇన్‌స్పెక్టర్ ఆ చేతులకే బేడీలు వేశాడు.

"చెయ్యకపోవడమేంట్రా? పొద్దున చేశావుగా, ఈవిడ తమ్ముడితో!"