ధ్రువానికి మూడు టిక్కెట్లు

నకరికల్లు దగ్గర మిరప కల్లంలో తూటా దిగి కుప్పకూలిన ఏజెంట్ బ్రహ్మానందం, ప్రాణం పోయేముందు పంపిన కోడ్ మెసేజ్ ఒక్కటే: "పిట్ట ఇంట్లోనే ఉంది."

అంటే విదేశీ ముఠా మనిషి గురజాలలో, రాడార్ సైంటిస్ట్ ధరణి ఇంట్లోనే మకాం వేశాడన్నమాట. ఏసీ మెకానిక్ వేషంలో అదే ఇంటికి కాపలా కాస్తున్న ఏజెంట్ షఫీక్ వెంటనే ధరణి దగ్గరికి పరుగెత్తాడు.

ధరణి సెలవు పెట్టి, ధ్రువం దగ్గర ఆకాశంలో వెలిగే నార్తర్న్ లైట్స్ చూడబోతోంది. ఎక్కడ మబ్బు లేకపోతే అక్కడికి పోవచ్చని మూడు ఊళ్లకి టిక్కెట్లు తీసింది. ఆమె దిగే ఊరేదో ముందే తెలిస్తే చాలు, ముఠా అక్కడ మాటు వేసి ఎత్తుకుపోతుంది.

"ప్రయాణం మానుకోమ్మా," బతిమాలాడు షఫీక్.

"పదేళ్ల కల షఫీక్ అన్నా! ట్రోమ్సోలో సముద్రం పక్కనే, మబ్బులెక్కువ. రోవనియెమిలో అడవి బాగుంటది, చలి చానా. అబిస్కోలో కొండలు మబ్బుల్ని ఆపేస్తయ్యంట. ఇప్పుడే ఫోర్‌కాస్ట్ చూసి తేల్చుకున్నా. ఎవరికీ చెప్పను."

వాకిట్లో కారు హారన్ కొట్టింది. పిట్ట ఎవరు? డ్రైవర్ సాయి కిరణా? వంట చేసే హజ్రా బీయా? రహస్య మైకులు పట్టే డిటెక్టర్‌తో ఇల్లంతా మూలమూలా గాలించినా ఏమీ దొరకలేదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక షఫీక్ ఎంత! అతనికి తోడు ఏజెంట్ సుకన్య ఒక్కతే. ట్రావెల్ కన్సల్టెంట్ వేషం, నల్ల కళ్లద్దాలు, సొంతూరు మాచర్ల. నిన్న బ్రహ్మానందం, ఇవాళ ధరణి కూడా పోతే తను బతికి ఏం లాభమని షఫీక్ లోలోపల కుమిలిపోయాడు.

ధరణి గడప దాటడానికి కుడికాలు ఎత్తింది.

"ఇంతకీ ఫైనల్‌గా ఎక్కడికి ధరణీ?" మెడలో లాకెట్ సవరించుకుంటూ అడిగింది సుకన్య.

ధరణి అలవాటుగా నోరు తెరిచింది. తల్లి ధనమ్మ ఒక్క ఉరుకున వచ్చి అరచేత్తో ఆ నోరు మూసేసింది.

"ఏందే పిల్లా! బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుతారా ఎవరైనా? మాచర్లలో పుట్టానంటివి, ఇది కూడా తెలవదా?"

షఫీక్‌కి అప్పుడు వెలిగింది. పల్నాడులో పసిపిల్లలు కూడా గడప మీద ఆ మాట అడగరు. సుకన్య చెయ్యి అప్పటికే హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. పిస్టల్ బయటికి వచ్చేలోపు షఫీక్ స్క్రూడ్రైవర్‌తో ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చి, లాకెట్ తెంపాడు. లోపల ట్రాన్స్‌మిటర్, వెలుగుతున్న ఎర్రలైటు. దాన్ని పక్కనున్న నీళ్ల చెంబులో పడేసి, సుకన్య చేతులు వైరుతో కట్టేశాడు.

ధనమ్మకి ఇదేదీ పట్టలేదు. శకునం చెడిందని కూతుర్ని లోపలికి లాక్కెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి, వేరే చెంబుతో మంచినీళ్లు తాగించింది.

షఫీక్ జరిగింది చెప్పగానే ఫోన్‌లో చీఫ్ ఊపిరి పీల్చుకున్నాడు. "వెల్ డన్ షఫీక్! ఇంతకీ ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్తోంది?"

షఫీక్ ధనమ్మ వైపు బెదురుగా చూశాడు.

"ఆ మాట అడక్కండి సార్. పిల్ల ఇంకా గడప దాటలేదు."