డెస్ హాలిగన్ బూట్ల కేసు

1966 సెప్టెంబరులో, సెమీఫైనల్ వారం, బుధవారం పొద్దున డెస్ హాలిగన్ బ్రన్స్‌విక్‌లోని డిటెక్టివ్ పెన్‌హాల్ ఆఫీసు మెట్లెక్కాడు. మెర్రీవేల్ ఫుట్‌బాల్ జట్టుకు ఏళ్ల తరబడి గోల్స్ కొట్టిపెడుతున్న మనిషి. బంతి కోసం అతను గాల్లోకి లేస్తే పేటంతా ఊపిరి బిగబట్టేది. ఆ మనిషి ఇప్పుడు కుర్చీ అంచున కూర్చుని పదే పదే తలుపు వంక చూస్తున్నాడు.

"నన్నెవరో పగబట్టారండీ. నిన్న ప్రాక్టీసుకి వెళ్తే నా బూట్లు లేవు. అంతకుముందు నా కారు ఒక వీధిలో పెడితే ఇంకో వీధిలో కనిపించింది. ఆదివారం మధ్యాహ్నం మా వంటింట్లో గ్యాసు తెరిచి ఉంది. పక్క గదిలో మా ఆవిడ మోయిరా నిద్రపోతోంది."

పెన్‌హాల్ సహాయకురాలు ఎల్సీ టీ ఇచ్చింది. డెస్ చక్కెర వేసి కలుపుకున్నాడు.

"ఎవరి మీద అనుమానం?" అన్నాడు పెన్‌హాల్.

"నెవిల్ అని కొత్త కుర్రాడు. నేను ఆడకుండా కూర్చుంటే నా చోట ఆడేది వాడే." డెస్ మళ్లీ చక్కెర వేసుకున్నాడు. "ఇంతకీ బూట్లు పోయిన సంగతి మీకు చెప్పానా?"

పాపం, ఎంత బెదిరిపోయాడో అనుకుంది ఎల్సీ.

"చెప్పారు. ఈ మధ్య ఆటలో దెబ్బలేమైనా తగిలాయా?"

"తగలని వారం ఏదండీ?" అని నవ్వాడు డెస్.

ఆ మధ్యాహ్నం క్లబ్బులో నెవిల్ తడుముకోకుండా మాట్లాడాడు. "ఆయన స్థానం నాకు కావాలి, కాదనను. కానీ బూట్లు దాచి దాన్ని సంపాదించుకుంటే మా అమ్మే నా మొహం చూడదు."

కోచ్ ర్యాంకిన్ విసుక్కున్నాడు. "శనివారం డెస్ లేకపోతే మునిగిపోయేది నేనేనయ్యా. నేనెందుకు దాస్తాను?"

"ఈ కొత్త గదులు కట్టకముందు ఆటగాళ్లు బట్టలెక్కడ మార్చుకునేవాళ్లు?" అని అడిగాడు పెన్‌హాల్.

ఇద్దరికీ తెలియదు. ఇద్దరూ ఈ ఏడాదే క్లబ్బుకు వచ్చినవాళ్లు.

మైదానం అవతల, ప్రేక్షకుల పాత స్టాండు కింద, ఒకప్పుడు ఆటగాళ్లు బట్టలు మార్చుకున్న గది ఉంది, ఇప్పుడు చిరిగిన జెండాలు పడేసి. అక్కడి బల్ల కింద బూట్లు దొరికాయి. తోలుకు నూనె రాసి ఉంది. లోపల సోమవారం పేపరు కుక్కి ఉంది. ఎల్సీ దాన్ని విప్పి చూసింది. పదకేళి గళ్లలో ఆడవాళ్ల చేతిరాత.

"సార్, ఇది డెస్ వాళ్లావిడ పనే."

"ఆటగాళ్ల గదుల వైపు ఆడవాళ్లను రానిస్తారా, ఎల్సీ?"

ఆయన ముఖంలో ఎప్పుడూ కనిపించే ఉత్సాహం ఇవాళ ఎందుకు లేదో ఎల్సీకి అర్థం కాలేదు.

మర్నాడు హాలిగన్ ఇంటి ముందుగదిలో అందర్నీ కూర్చోబెట్టి, పెన్‌హాల్ బూట్లను బల్లమీద పెట్టాడు.

"దాచినవాడు వీటిని పాడు చెయ్యలేదు. నూనె రాసి, ఆకారం చెడకుండా కాగితం కుక్కాడు. వాడికి పాత గది తెలుసు. ఈ ఇంటి పేపరు అందుబాటులో ఉంది. ఆటగాళ్ల గదుల్లోకి అడ్డులేకుండా వెళ్లగలడు." ఆయన డెస్ వైపు తిరిగాడు. "పోయిన శనివారం ఆఖరి గోల్ ఎవరు కొట్టారు?"

డెస్ భార్య వంక చూశాడు. ఆమె నోరు తెరిచింది.

"మీరు చెప్పకండమ్మా."

"నెవిల్," అన్నాడు డెస్. "నెవిలే కదా?"

నెవిల్ తల దించుకున్నాడు. "నువ్వే కొట్టావన్నా."

"పాత అలవాటుకొద్దీ ఆ గదిలో బూట్లు దాచింది మీరే, మిస్టర్ హాలిగన్," అన్నాడు పెన్‌హాల్ మెల్లగా. "కారు పెట్టింది, గ్యాసు తెరిచింది కూడా మీరే. తలకు తగిలిన దెబ్బలు మీ జ్ఞాపకాన్ని తినేస్తున్నాయి."

మోయిరా ఏడుస్తోంది. "చలికాలంలో ఎవడిదో మోకాలు తలకు తగిలింది. ఇంటికొచ్చి, ఆట అయిపోయిందా అని నన్నడిగాడు. అప్పట్నుంచీ కప్పిపుచ్చుకొస్తున్నాను. ఆట లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని భయం."

"ఒక్క శనివారం ఆగండి," అన్నాడు ర్యాంకిన్. "తర్వాత ఏ డాక్టరుకైనా చూపిద్దాం. గుర్తులేకపోయినా గోల్ కొట్టాడుగా."

డెస్ ఆ మాట విన్నట్టు లేదు. "ఆదివారం నువ్వు నిద్రలో ఉన్నావు," అన్నాడు మోయిరాతో. "నేను నిన్ను చంపేసేవాణ్ణి."

తర్వాత కోచ్ వైపు తిరిగాడు. "శనివారం నెవిల్‌ని దింపు. నేనింక ఆడను."

ర్యాంకిన్ టోపీ తీసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. నెవిల్ కూడా లేవబోతే డెస్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆ గోల్ ఎలా కొట్టానో చెప్పరా."

నెవిల్ గొంతు సవరించుకున్నాడు. "ఎదురుగాలి. నువ్వు గీత పక్కన, గోల్‌కి బాగా ఏటవాలుగా ఉన్నావు. అక్కణ్ణుంచి ఎవడూ కొట్టలేడు. సాక్సు పైకి లాక్కుని, నెమ్మదిగా పరిగెత్తుకొచ్చావు..."

డెస్ కళ్లు మూసుకుని వింటున్నాడు. బంతి కాలిని వదిలింది అనేసరికి, మోయిరా వేళ్లను గట్టిగా పట్టుకున్నాడు.

"లోపలికి వెళ్లిందా?"

"సరిగ్గా స్తంభాల మధ్యలోంచి, అన్నా."