కొలత చొక్కా, పసుపు బాతు

మధ్యాహ్నానికల్లా పిచ్చుక ఇల్లంతా తలకిందులు చేసేసింది. ఎప్పుడూ గలగలా మాట్లాడుతుందని ఇంట్లో ఆ పిల్లకు పెట్టిన పేరది. ఈ రోజు మాత్రం ఆ గలగల లేదు. మూతల్లేని డబ్బాలు, తెగిన చెప్పులు, అమ్మమ్మ పాత కళ్ళజోడు, అన్నీ గోనెసంచిలోకి పోతున్నాయి.

"ఇదేం పూనకమే?" అంది అమ్మమ్మ, చొక్కాకు కాజాలు కుడుతూ.

"టీచర్ చెప్పింది. అక్కర్లేనివి తీసేస్తే మనసు కూడా శుభ్రపడుతుందట. తేలిగ్గా ఉంటుందట."

"పదేళ్ళ పిల్లవి, నీకేం బరువొచ్చిందే?"

పిచ్చుక ఇంకో డబ్బా తీసి సంచిలో వేసింది. బరువు ఉంది. నెల రోజులుగా తన అరలో, నోట్‌బుక్కుల వెనక ఉంది. పసుపు రంగు బాతు షార్ప్‌నర్. ఎదురింటి స్నేహితురాలిది. ఉంగరాల జుట్టు కాబట్టి అందరూ ఆ పిల్లను రింగులు అంటారు. క్లాసులో బాతు కింద పడితే పిచ్చుక తీసి దాచుకుంది. "చూశావా?" అని రింగులు ఏడుస్తూ అడిగితే, "నేను చూడలేదు" అంది.

ఇల్లంతా సర్దింది కానీ ఆ అర జోలికి మాత్రం పోలేదు.

దుమ్ము తుడవడానికి గుడ్డ కావలసి వచ్చింది. కుట్టుమిషన్ పక్కన, కాలరు చిరిగిన చొక్కా ఒకటి కనిపించింది. కత్తెర తీసుకుని దాని చెయ్యి ఒకటి కసక్కున కత్తిరించి, కిటికీలన్నీ తుడిచేసింది.

దారం కొనడానికి వెళ్ళిన అమ్మ తిరిగొచ్చి, ఆ చొక్కా చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఓసి నీ దుంపతెగ! ఇది వ్యాన్ మామయ్య కొలత చొక్కా!"

వ్యాన్ నడిపే ఆయనకు ఒక భుజం కిందికి ఉంటుంది. టేపుతో ఎన్నిసార్లు కొలిచినా చొక్కా సరిగ్గా కూర్చోదు. అందుకని ఈ పాత చొక్కాను గుడ్డ మీద పరిచి, దాని ప్రకారమే కొత్తది కత్తిరిస్తుంది అమ్మ. రేపు ఆ కొత్త చొక్కాతోనే ఆయన కొత్త ఉద్యోగంలో చేరాలి.

అంతలో గుమ్మంలో ఆయన గొంతే వినిపించింది.

"అక్కా, కత్తిరించడం అయిందా?"

ఎలుక కొరికిందని చెబుదామా అనుకుంది పిచ్చుక. కానీ ఒక అబద్ధం అప్పటికే నోట్‌బుక్కుల వెనక కూర్చుని ఉంది. రెండోదానికి చోటు లేదనిపించింది.

"అయింది మామయ్యా. కానీ కొత్తది కాదు, మీ పాతది. దుమ్ము తుడవడానికి... నేనే కత్తిరించాను."

మామయ్య తెగిన చొక్కా చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దుమ్ము బాగా పోయిందా?"

"పోయింది."

"ఇంకేం! నాకంటే ముందు నా చొక్కాకే కొత్త ఉద్యోగం దొరికింది."

అమ్మకు కోపంలోనూ నవ్వొచ్చింది. "చెయ్యి మళ్ళీ అతికిస్తే కొలతకు పనికొస్తుందిలే. ఏయ్, ముందు దాన్ని ఉతికి తీసుకురా. ఇంకోసారి ఎవరిదో అడక్కుండా కత్తెర ముట్టుకున్నావో, చూడు!"

పిచ్చుక నీళ్ళలో ఆ ముక్కను రుద్దుతూ ఉండగా లోపల ఏదో కాస్త కదిలింది. సంచి నిండినా కదలనిది.

తిరిగి వచ్చేసరికి అమ్మమ్మ సంచిలోంచి తన కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

"ఇందులో అందరివీ ఉన్నాయి. నీదేదే?"

పిచ్చుక తడి ముక్కను ఆరేసి, తన అర తెరిచింది. నోట్‌బుక్కులు పక్కకు జరిపింది. బాతు అలాగే చూస్తోంది.

బాతును పట్టుకెళ్ళి తట్టితే, ఎదురింటి తలుపు రింగులే తీసింది.

"నీ బాతు పోలేదు. నేనే దాచాను. చూడలేదని అబద్ధం చెప్పాను."

రింగులు బాతును తీసుకుంది. వేలితో దాని ముక్కు తడిమింది.

"నా బడి సంచిలోంచి మా చెల్లే తీసి పారేసిందనుకున్నాను. నెలంతా దాన్నే తిట్టాను, తెలుసా?"

పిచ్చుకకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి పరుగెత్తాలనిపించింది. పరుగెత్తలేదు.

"చెల్లికి నేనే చెబుతాను. ఎక్కడుంది?"

రింగులు మొహం ఇంకా ముడుచుకునే ఉంది. అయినా తలుపు మూయలేదు. పక్కకు జరిగి దారిచ్చింది.

పిచ్చుక చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది. పొద్దుటి నుంచి కనిపించని గలగల అప్పుడు గొంతులోకి తిరిగొచ్చింది.

"చెల్లీ! ఇటు రావా, నీకో మాట చెప్పాలి."