మూడో పిలుపు

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకున్న తల్లీ, ఆ తలుపు వెయ్యకు, తెరిచే ఉండనీ. ఎందుకో చివర్లో నీకే తెలుస్తుంది. పైవాడి దయవల్ల గొంతు బాగానే ఉంది, చెబుతాను.

ఒక మాస్టారు ఉండేవాడు. పాత కట్టడాల కాలం చెప్పడం ఆయన పని. "మనిషి వయసు మెడ మీద, కట్టడం వయసు ద్వారం నెత్తిన" అనేవాడు. అందుకే అందరూ ద్వారాల మాస్టారనేవారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ చాకిరీకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక వానరోజు మధ్యాహ్నం ఆయన బయల్దేరింది తన ఆఖరి పనికి.

అది కాలాలన్నీ ఒకదాని వెనక ఒకటి అతికించినట్టున్న భవనం. అన్నిటికన్నా వెనకగదిలో, పక్కద్వారానికి అడ్డంగా కట్టిన గోడ వానకి కూలింది. ఈ పూటే మళ్ళీ మూసెయ్యకపోతే పైకప్పు నిలవదు. మూసేవాడు ఆయన అల్లుడే, తాపీమేస్త్రీ. మూసేలోగా ఆ గది కాలం మాస్టారు రాసుకోవాలి.

"మావయ్యా, మీ నడక చూస్తే మనం చేరేలోగా ఇంకో కాలం పుట్టేలా ఉంది" అన్నాడు అల్లుడు, ఇటుకల తట్ట మోస్తూ.

"పుట్టనీ. దాని నెత్తి చూసే ఓపిక నాకు లేదు."

మొదటి గది సిమెంటుది. అన్నీ సూటి గీతలే, ఒక్క పువ్వైనా లేదు. రెండోదాంట్లో ద్వారాల నెత్తిన సున్నపు లతలు, ఆకులు, డాబు. మూడోదాంట్లో కమానులు చేతులు జోడించినట్టు మొనదేలి ఉన్నాయి. నాలుగోది గుండ్రటి కమానులది, గోడ బారెడు మందం. గది గదికీ వెలుగు తగ్గుతోంది. తడిసిన సున్నం వాసన పెరుగుతోంది.

ప్రతి గదిలోనూ కుడివైపు ఒక ద్వారం గోడ కట్టి మూసేసి ఉంది. ఆ మూత మీద, రొమ్ము ఎత్తున, అరచేతి గుర్తు. నాలుగే వేళ్ళు. చిటికెన వేలు లేదు.

"కట్టిన మేస్త్రీ సంతకమేమో" అన్నాడు అల్లుడు.

"నాలుగు కాలాలకీ ఒకడే మేస్త్రీయా?"

మాస్టారు తడిమి చూశాడు. గుర్తు లోపలికి దిగి లేదు. బయటికి ఉబ్బి ఉంది. అవతలి నుంచి ఎవరో నెట్టినట్టు.

ఐదో గదిలో కమానే లేదు. రెండు స్తంభాలు, వాటి మీద అడ్డంగా రాతిదూలం. కమాను కట్టడం ఇంకా తెలియని చేతుల పని. కుడివైపు ద్వారం నోరు తెరుచుకుని ఉంది. లోపల... ఆ మూతలన్నిటి వెనకా పరుచుకున్న ఒకే చీకటి.

అల్లుడు గబగబా ఇటుకలు పేర్చాడు. ఒక్క ఇటుక సందు మిగిలింది. మేస్త్రీలకో కట్టుబాటుంది: ఆఖరి ఇటుక పెట్టేముందు అక్కడున్న పెద్దవాళ్ళు లోపలికి మూడుసార్లు పిలవాలి. జవాబొస్తే ఆగాలి. మాస్టారు సందు దగ్గరికి వంగి పిలిచాడు.

"ఎవరైనా ఉన్నారా?"

వాన చప్పుడు.

"ఎవరైనా ఉన్నారా?"

"...వస్తున్నా."

ఎక్కడో దూరం నుంచి. మాస్టారి కన్నా అలిసిపోయిన గొంతు.

"మావయ్యా... మన గొంతే తిరిగొచ్చింది."

"నేనన్నది ఆ మాట కాదు కదయ్యా..."

లోపల అడుగులు. ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి... పైన దూలం కిర్రుమంది. అల్లుడి భుజం మీద మట్టి రాలింది. ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న కూతురు మాస్టారి కళ్ళల్లో మెదిలింది. మూడోసారి పిలవడానికి నోరు తెరిచాడు. మూసేశాడు.

"పెట్టెయ్."

ఇటుక కూర్చుంది. అడుగులు ఆగిపోయాయి. తట్టలేదు, అరవలేదు. అంతే.

తిరిగొస్తుంటే నాలుగు మూతలూ నున్నగా ఉన్నాయి. ఒక్క గుర్తూ లేదు.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. కూతురు పిలిచింది. "నాన్నా, మీ గది గోడ ఇలా ఉబ్బిందేంటి? చెమ్మా?"

రొమ్ము ఎత్తున... నాలుగు వేళ్ళు.

కూతురు వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, మాస్టారు గోడకి నోరు ఆనించి మూడో పిలుపు పిలిచాడు. "ఎవరైనా... ఉన్నారా?"

గోడ పలకలేదు. ఆయన వెనక నుంచి వినబడింది.

"వచ్చేశా."

ఆయన వెనక్కి తిరిగి ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు. ఆ పూట భోజనాల వేళ కూతురు, ఎవరూ చెప్పకుండానే, ఒక కంచం ఎక్కువ పెట్టింది. ఇప్పటికీ పెడుతూనే ఉంది. ఎందుకని అడిగితే ఆమెకీ తెలియదు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, నా తండ్రుల్లారా, తల్లుల్లారా. ఏ తలుపైనా సరే, వేసేముందు మూడుసార్లు పిలవండి. వస్తున్నానని ఎవరైనా అంటే, మీరెంత అలిసిపోయి ఉన్నా ఆగండి. ఈ మాట ఇంకొకరికి చెప్పండి. ఈ పూట ఇళ్ళకి వెళ్ళగానే మొదలుపెట్టండి.