దువ్వెనకు ఒక్క ఓటు

తెల్లారగానే తాళాల మేస్త్రీ స్టవ్ వెలిగించి తనొక్కడికే టీ పెట్టుకున్నాడు. కాసేపటికి భార్య లేచి వచ్చి, అదే గిన్నె కడిగి, తన టీ తను పెట్టుకుంది. ఇద్దరూ అదే వంటింట్లో చెరో గోడవైపు తిరిగి తాగారు. ఓట్ల లెక్కింపు అయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస.

అంతకు ముందు ఇలా లేదు. వాళ్ళ సందులో దీపాలు వెలగవు. లాండ్రీలో ఇస్త్రీ పని ముగించుకుని మేస్త్రీ భార్య రోజూ చీకట్లో గోడ తడుముకుంటూ ఇల్లు చేరాలి. ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా పట్టించుకున్నవాడు లేడు. చివరికి మేస్త్రీ ఒళ్ళు మండి వార్డు ఎన్నికల్లో తనే నిలబడ్డాడు. ఆయనకు వచ్చిన గుర్తు దువ్వెన. ఆయనది నున్నటి బట్టతల. సందు సందంతా కడుపు పట్టుకుని నవ్వింది.

భార్య మాత్రం నవ్వలేదు. "మనకెందుకండీ ఈ గోల? నలుగురూ మిమ్మల్ని ఆటపట్టిస్తుంటే నేను చూడలేను" అంది. పోలింగ్ రోజు బూత్‌లోంచి బయటికొచ్చాక, "దువ్వెనకే నొక్కావా?" అని ఆయన అడిగితే, "అమ్మో, రహస్యం! చెప్పకూడదు" అని కొంటెగా కళ్ళెగరేసింది.

ఆ బూత్‌లో దువ్వెనకు వచ్చింది ఒక్క ఓటు.

మేస్త్రీ తన ఓటు తనకే వేసుకున్నాడు. కాబట్టి ఆ ఒక్కటీ తనదే. మరి ఆమెది? మళ్ళీ లెక్కపెట్టమని అధికారిని బతిమాలాడు. అధికారి మిషన్ మీద బటన్ ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ అదే ఒకటి ఎర్రగా వెలిగింది.

"కాగితాలు తీసి లెక్కపెట్టండి సార్."

"ఈ వార్డు ఎన్నికల మిషన్లలో కాగితాలుండవు. మిషన్ ఏం చెబితే అదే లెక్క" అన్నాడాయన విసుగ్గా.

ఆ రోజు నుంచే మేస్త్రీ టీ ఒక్కడికే పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎందుకో ఆమెకు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

టీ తాగి వీధిలోకి రాగానే మంగలి తన షాపులోంచి కేకేశాడు. "కౌన్సిలరు గారూ! గడ్డం పెంచుతున్నారేంటి? దువ్వెనకి ఇప్పటికైనా పని చెబుదామనా?"

మేస్త్రీ తలొంచుకుని నడిచాడు.

"ఒరేయ్, నేనూ దువ్వెనకే నొక్కాన్రా. నా పిల్లల మీద ఒట్టు!"

"సర్లే" అని మేస్త్రీ అడుగు వేగం పెంచాడు. అబద్ధాలకోరు అనుకున్నాడు లోపల. మంగలి చిన్ననాటి నుంచీ ఎరిగినవాడే అయినా, అక్కడ గడ్డం గీయించుకోవడం కూడా మేస్త్రీ మానేశాడు. రోజంతా కొట్లో తాళంచెవులు అరగదీస్తూ కూర్చుంటే, ఆకురాయి చప్పుడు తప్ప ఆయనతో మాట్లాడేది లేదు.

చీకటి పడ్డాక భార్య కుంటుతూ ఇంటికొచ్చింది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది.

"ఏమైంది?"

"సందులో రాయి తగిలి పడ్డాను. కనపడి చావదు కదా!"

మేస్త్రీ గబగబా దూదీ మందూ తెచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుని తుడుస్తున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఆ చెయ్యి పట్టుకోవడం. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"దీపం కావాల్సినదానివి, దువ్వెనకి నొక్కి ఉండాల్సింది" అనేశాడు.

ఆమె చెయ్యి లాక్కుంది. "ఏమన్నారు?"

"ఉన్నది ఒక్క ఓటు. అది నాది."

"మీదని ఎవరు చెప్పారు?"

"నేను నొక్కాను కదే! ఇదిగో, ఈ వేలితో. మిషన్ కుయ్యిమంది కూడా."

"నాకూ కుయ్యిమంది! నేనేమైనా మోచేత్తో నొక్కానా?"

"మరి రెండు రావాలిగా?"

"రావాలి. రాలేదు. అందుకని నేను అబద్ధాలకోరునా? ఆ ఒక్కటీ నాదే అనుకున్నానండీ ఇన్నాళ్ళూ. పాపం, మీ ఓటే మీకు పడలేదనుకున్నాను. ఆ మాట అంటే ఇంకా కుంగిపోతారని నోరు కుట్టేసుకున్నాను. ఓడిన బాధలో ఉన్నారు, కదపకూడదని నా టీ నేను పెట్టుకున్నాను. తీరా చూస్తే మీరు నా మీద అనుమానంతో మొహం తిప్పుకున్నారా?"

మేస్త్రీ దూది పక్కన పెట్టాడు.

"మా లాండ్రీలో తుండుగుడ్డ ఇచ్చినా చీటీ చింపి ఒక ముక్క మూటకి కడతాం, ఒకటి మనిషికిస్తాం. తేడా వస్తే రెండూ కలిపి చూస్తాం. అంతేగానీ, నువ్వసలు బట్టలే ఇవ్వలేదు పొమ్మనం. ఆ మిషన్‌ని ఒక్క మాట అనలేక, దొరికాను కదా అని నన్ను పట్టుకున్నారు."

పోయింది తన ఓటే కావచ్చన్న ఆలోచన ఇన్ని రోజుల్లో ఆయనకు ఒక్కసారి కూడా రాలేదు. మిషన్‌కి పొరపాటు ఉండదనుకున్నాడు, ఆమెకే ఉందనుకున్నాడు. ఎవరి నడక కోసం నిలబడ్డాడో ఆ మనిషినే గోడకవతల నిలబెట్టాడు. ఆయన కళ్ళు నిండిపోయాయి.

"అయితే ఆ ఒక్కటీ నీదే" అన్నాడు.

"వద్దు. మళ్ళీ అనుకోవడాలొద్దు" అని ఆమె కొంగుతో ఆయన మొహం తుడిచింది. "ఎవరిదో ఇక తెలీదు. ఇద్దరం వేశాం, ఒకటే చూపించింది. ఆ మాటే వెళ్ళి అధికారికి చెబుదాం. వచ్చేసారికి కాగితం ఉండేవి పెట్టమందాం."

"నమ్మరే."

"నమ్మకపోనీండి. ముందు ఈ మోచేతికి మందు రాయండి."

మర్నాడు పొద్దున గిన్నెలో ఇద్దరికీ సరిపడా నీళ్ళు పోశాడు. టీ అయ్యాక ఇద్దరూ బయల్దేరి మంగలి షాపు ముందు ఆగారు. మేస్త్రీ వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. సబ్బు నురగ పడ్డాక అద్దంలోకి చూస్తూ అడిగాడు. "నువ్వు నిజంగా దువ్వెనకే నొక్కావా?"

"పిల్లల మీద ఒట్టేశాక ఇంకేం చెయ్యమంటావురా?"

అది నిజమో కాదో తెలుసుకునే దారి లేదు. ఆ మొహంలోకి కాసేపు చూశాడు.

"అయితే మూడు" అన్నాడు. "ఆ సంగతి చెప్పడానికే వెళ్తున్నాం. వస్తావా?"

మంగలి కత్తి గాల్లో ఆగింది. "ఇప్పుడేనా? ఆ రెండో చెంప కానివ్వరా బాబూ! ఈ అవతారంలో వెళ్తే ఆఫీసరు మిషన్ వదిలేసి పారిపోతాడు."

వెనక బల్ల మీద కూర్చున్న భార్య, దువ్వెన గుర్తు వచ్చిన నాటి నుంచీ దాచుకున్న నవ్వంతా ఒక్కసారే నవ్వేసింది.